ఆదివారపు ఆటగాడు

ట్వెంటె, అక్టోబరు 1974

నెల్లక్కా,

మీ సరుకు పడవ ఈ వారం రైన్ నది మీద ఎక్కడుందో నాకు తెలియదు. సరిహద్దు దగ్గర లోబిత్‌లో పడవలవాళ్ల ఉత్తరాలు దాచి ఇస్తారని బావ చెప్పాడు. అందుకే అక్కడికి రాస్తున్నాను. నీ చేతికి అందేసరికి ఈ సంగతులు పాతబడిపోతాయి. అయినా రాస్తాను. అమ్మ పోయినప్పటినుంచీ నాకేం జరిగినా నీకే చెప్పడం అలవాటు.

నిన్న రెండు గోల్స్ కొట్టాను. రెండోది తలతో. మూలనుంచి వచ్చిన బంతి గాలికి కాస్త వంకర తిరిగింది. సముద్రపు గాలిలో పెరిగినవాణ్ణి కదా, అది ఎక్కడ దిగుతుందో అవతలి జట్టువాడికంటే ముందే నాకు తెలిసిపోయింది. మన ఊరి జనంకంటే ఎన్నో రెట్లమంది నిలబడి నా పేరు అరిచారు. ఆట అయ్యాక అందరూ పెళ్లాంపిల్లలతో వెళ్లిపోయారు. నేను గదికొచ్చి, ఇంటావిడ వెస్సెల్స్ గారు పొయ్యి మీద ఉంచి వెళ్లిన బఠాణీ సూపు వేడిచేసుకుని తాగాను. ఎదురింటివాళ్లు ఎప్పటిలాగే పరదాలు వేసుకోలేదు. దీపం కింద అందరూ కూర్చుని కాఫీ తాగుతున్నారు. వాళ్ల పెద్దాయన నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. సాయంత్రం నేను మరో మనిషిని పలకరించింది అదొక్కటే.

జట్టులో హార్మ్ అని మా గోల్‌కీపరు ఉన్నాడు. మంచివాడే, నోరు మాత్రం ఊరుకోదు. భక్తిగల ఇంటివాణ్ణని నన్ను పాస్టరనే పిలుస్తాడు. బట్టలు మార్చుకుంటుంటే, "ఏరా పాస్టరూ, ఆదివారం కొట్టిన గోలు మీ దేవుడు కలుపుకుంటాడా, తీసేస్తాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "మీ నాన్నని ఒకసారి తీసుకురారా, చూసి మురిసిపోతాడు" అన్నాడు మళ్లీ. సముద్రం మీద ఉంటాడని చెప్పాను.

నేను ఇల్లు వదిలిన రోజు ఏం జరిగిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. మన ఊరి జట్టులో శనివారాలు ఆడినంతకాలం నాన్న పల్లెత్తు మాట అనలేదు. ఆదివారాలు ఆడే ఈ క్లబ్బువాళ్లు వచ్చి నా ఆట చూసి, నేను సంతకం పెట్టానని తెలిసిన పూట మాత్రం, కోయబోతున్న రొట్టెను పక్కన పెట్టి, "ఆదివారం నీకు తిండి ఎవడు పెడతాడో వాడి బల్ల దగ్గరే కూర్చో" అన్నాడు. కోపంగా కూడా అనలేదక్కా. ప్రార్థనకు ముందు మాట్లాడే గొంతుతో అన్నాడు. తర్వాత సంఘపెద్దలు నన్ను చర్చిలో అందరూ కలిసి రొట్టె తీసుకునే ప్రభువు బల్లకు రావద్దని కబురు చేశారు. ఆ పెద్దల్లో నాన్న ఒకడు.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
లేండర్ట్

*

ట్వెంటె, ఫిబ్రవరి 1975

నెల్లక్కా,

నీ ఉత్తరం బాజెల్ నుంచి వచ్చింది. ఒకసారి వెళ్లి నాన్నకి కనబడమన్నావు. వెళ్లాను.

బుధవారం రైలెక్కాను. దారంతా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. మన రేవుకు చేరేసరికి పడవలు అప్పుడే వచ్చాయి. నాన్న మన పడవ పక్కన నిలబడి, పడవలోనే ఉడికించిన రొయ్యలు బుట్టల్లోకి తీస్తున్నాడు. జుట్టు బాగా నెరిసింది. నేను దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. తలెత్తి చూశాడు. గుర్తుపట్టాడు. కళ్లు ఒక్క క్షణం ఆగాయి, నేను చూశాను. ఆ తర్వాత, "ఎంత కావాలి?" అన్నాడు.

కొనడానికి వచ్చినవాణ్ణి అడిగినట్టు.

నా వెనక ఇద్దరు ఆడవాళ్లు వరసలో ఉన్నారు. "కిలో" అన్నాను. తూచాడు. కాగితంలో చుట్టి ఇచ్చాడు. నా వెనకావిడతో, "చలి ఇంకా తగ్గలేదండీ" అన్నాడు. ఆమెతో అన్నాడు, నాతో కాదు.

ఆ పొట్లం ఒళ్లో పెట్టుకుని దేశం ఆ చివరనుంచి ఈ చివరకు తిరిగొచ్చాను. రైలు పెట్టెలో వాసనకి జనం లేచి వేరే చోట కూర్చున్నారు. గదిలో ఒక్కణ్ణే కూర్చుని రొయ్యలన్నీ ఒలిచాను. మధ్యలో వెస్సెల్స్ గారు తలుపు తోసి, "అబ్బాయ్, ఏంటయ్యా ఈ కంపు, సముద్రాన్ని మేడెక్కించావా?" అని తిట్టబోయి నా మొహం చూసి ఆగిపోయింది. లోపలికొచ్చి కుర్చీ లాక్కుని, ఏమీ అడక్కుండా తనూ ఒలవడం మొదలెట్టింది. ఆవిడకి చేతకాదు. చాలావరకు తలకాయతోపాటు సగం రొయ్య పారేసింది.

అప్పటినుంచీ గోలు పడటం లేదు. బంతి కాలి దగ్గరకు వస్తుంది, నేను ఒక అర క్షణం ఆలస్యంగా ఉంటాను. పోయిన ఆదివారం మా జనమే నన్ను చూసి ఈలలు వేశారు.

లేండర్ట్

*

ట్వెంటె, ఏప్రిల్ 1975

నెల్లక్కా,

ఆట మానేస్తున్నాను. నువ్వు వద్దంటావని తెలుసు. ఈ ఉత్తరం నీకు చేరేలోపు అయిపోతుందని కూడా తెలుసు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కోచ్ దామ్మెర్స్ దగ్గరకు వెళ్లి వచ్చే ఏడు ఉండనని చెప్పాను.

"మోకాలా?" అన్నాడు.

"కాదండీ."

"ఆడపిల్లా?"

"కాదండీ. ఇంటికి వెళ్లాలి."

"ఇరవై రెండేళ్లకి ఇంటికెళ్లి ఏం చేస్తావయ్యా, చేపలు పడతావా? ఈలలు వేశారనా? నన్ను పదేళ్లుగా తిడుతున్నారు, నేనెక్కడికైనా పోయానా?" అన్నాడు. కాసేపాగి, "నీకు ఇక్కడ ఎవరూ లేరు కదూ" అన్నాడు. తలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. సీజను అయ్యాక మాట్లాడదాంలే అని పంపేశాడు.

మన ఊరి పాస్టరుగారికి రాశాను. పెద్దల ముందు నిలబడి, విశ్రాంతి దినమైన ఆదివారం ఆడింది పాపమని ఒప్పుకుంటే సంఘంలోకి తీసుకుంటామని జవాబొచ్చింది. ఒక్క మాట. అవును అంటే చాలు. నాన్నతో మళ్లీ ఒకే బల్ల మీద రొట్టె తినొచ్చు. ఈలలు విన్నవాడికి ఒక మాట పెద్ద బరువా?

లేండర్ట్

*

ట్వెంటె, మే 1975

నెల్లక్కా,

వచ్చే ఏడు కూడా ఇక్కడే ఆడుతున్నాను. ఏం జరిగిందో మొదటినుంచీ చెబుతాను.

గురువారం మధ్యాహ్నం పెద్దలు మన ఊరి చర్చి వెనక గదిలో కూర్చున్నారు. చిన్నప్పటి వాసనే, చుట్టలూ పిప్పరమెంట్లూ. నాన్న ఆ చివర, టోపీ మోకాలిమీద పెట్టుకుని కూర్చున్నాడు. ప్రశ్న అడగాల్సిన వంతు ఆయనదే అయింది. వేరేవాళ్లకి అప్పగిస్తామని పాస్టరుగారు అంటే వద్దని తల ఊపి లేచాడు.

"లేండర్ట్ కొడ్డె, విశ్రాంతి దినాన నువ్వు ఆడిన ఆటకు మనస్ఫూర్తిగా పశ్చాత్తాపపడుతున్నావా?"

నా పేరు ఆయన నోట విని ఎన్నాళ్లయిందో. అవును అనడానికే నోరు తెరిచాను. "లేదు" అని వచ్చింది.

"మీరంతా నాకు దూరమైనందుకు ఏడ్చాను. ఆటకు కాదు. బంతి నా తలకు తగిలి లోపలికి వెళ్లినప్పుడు దేవుడికి దూరంగా ఉన్నానని నాకెప్పుడూ అనిపించలేదు. అనిపించిందని ఇప్పుడు చెబితే, ఆయన ఇంట్లో నిలబడి అబద్ధమాడినట్టే" అన్నాను.

"మరి ఎందుకొచ్చావయ్యా ఇంత దూరం?" అన్నాడు ఒక పెద్దాయన.

"ఒక్కణ్ణే తినలేక" అన్నాను.

అంతే, ఇక వెళ్లమన్నారు. సంఘంలోకి తీసుకోలేదు. తీసుకోరు కూడా.

సముద్రపు కట్ట మీదుగా బస్సు కోసం నడుస్తుంటే వెనక చెక్కబూట్ల చప్పుడైంది. నాన్న. నా పక్కకొచ్చి నడిచాడు. బస్సు ఆగే చోటికి వచ్చాక, నీళ్ల వైపు చూస్తూ అన్నాడు.

"నువ్వు అవును అని ఉంటే ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి. కానీ నీ ఎదురుగా కూర్చుని ముద్ద మింగలేకపోయేవాణ్ణిరా."

టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"సంఘం మాట మారదు. నా మాటా మారదు. ఆదివారం ఆదివారమే."

"తెలుసు నాన్నా."

"సోమవారం ఏం చేస్తావ్ నువ్వు?"

"ఏం లేదు. మాకు సెలవు. పడుకుంటాను."

"దుక్కలా ఉండి సోమవారం పూట పడుకుంటాడట" అన్నాడు, ఎవరికో ఫిర్యాదు చేస్తున్నట్టు. బస్సు మలుపు దగ్గర కనిపించింది. "వలలు బాగుచేయడానికి ఇంకో మనిషి కావాలి. పొద్దున్నే మొదటి బండి పట్టుకుంటే పదకొండుకి దిగుతావ్. యూట్రెక్ట్‌లో మారాలి, అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు."

అక్కా, నాన్న బతుకులో రైలెక్కలేదు. మొదటి బండి ఎన్నింటికి చేరుతుందో, ఎక్కడ మారాలో ఆయనకెలా తెలిసిందో నేను అడగలేదు.

నీ తమ్ముడు,
లేండర్ట్