మా హరిణిని అడిగే నిర్ణయించాలి

నా రాత వంకరగా ఉంటుంది. తప్పులూ ఉంటాయి. ఏడో తరగతితో నా చదువు ఆగింది, పైగా సెలైన్ సూది గుచ్చిన చెయ్యి ఇంకా నొప్పిగా ఉంది. చదివే పెద్దలు మన్నించాలి.

అమీర్‌పేట, మైత్రీవనం వెనక గల్లీలో కింది వాటాలో కాపురముంటున్న విజయేందర్ భార్య వనిత అనే నేను, వయసు ముప్ఫై, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. సోమవారం పంజాగుట్ట ఆసుపత్రిలో నా గుండెకు ఆపరేషన్. భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఆమె ఆ మాట అన్నాకే నాకు భయం మొదలైంది.

దీన్ని అమలు చేయాల్సింది పై వాటాలో ఉండే మా తోటికోడలు సంగీత అక్క.

1. ముందు నా కూతురు హరిణి సంగతి. దానికి తొమ్మిదేళ్లు. అది పుట్టినప్పటి నుంచీ నాకు ఆయాసం. ఎత్తుకుని పెంచింది అక్కే.

నాలుగేళ్ల కింద మా ఆయనా, అక్క భర్త అయిన మా బావ రామకృష్ణ గారూ ఉన్న పార్టీ మహాసభ జరిగింది. విదేశాంగ తీర్మానంలో కుర్దులనే ప్రజల గురించి ఒక పేరా వచ్చింది. వాళ్లకు స్వయం నిర్ణయాధికారం ఉందని అన్నదమ్ములిద్దరూ ఒప్పుకున్నారు. "విడిపోయే హక్కుతో సహా" అనే మాట ఉండాలని మా ఆయన, వద్దని బావ. "పెద్ద దేశాల చేతిల కీలుబొమ్మలైతరు రా" అని బావ. "తెలంగాణ అడిగినప్పుడు మనల్ని సుత గట్లనే అన్నరు కదనే అన్నా" అని మా ఆయన. అరవై మంది పార్టీ ముప్ఫై, ముప్ఫైగా చీలింది. ఇప్పుడు ఒకే ఇంటికి రెండు బోర్డులు. హరిణి మెట్లెక్కకూడదని మా ఆయన హుకుం. కూరగాయల కోసం వాడే బుట్టలో సర్వపిండి పెట్టి, బాల్కనీ నుంచి తాడుతో దించేది అక్క. "తిను బిడ్డా, గిది తీర్మానం కాదు" అనేది.

మొన్న ఆసుపత్రిలో అన్నదమ్ములు నాలుగేళ్ల తర్వాత మొదటిసారి మాట్లాడుకున్నారు. అదీ నా మంచం మీదుగా. నాకేమన్నా అయితే పిల్లను తీసుకుపోతానన్నారు బావ.

"నీ పార్టీ లైన్ల పెరగాల్నా నా బిడ్డ? హాస్టల్‌ల ఏస్త."

"హాస్టల్‌ల జడలెవరేస్తరు రా, నీ రాష్ట్ర కమిటీనా?"

హరిణి అక్కడే స్టూలు మీద కూర్చుని బత్తాయి రసం తాగుతోంది. దాన్ని ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు. అందుకే ఈ కాగితం.

నేను పోతే హరిణి ఎక్కడ ఉండాలో హరిణినే అడగాలి. అప్పుడు అన్నదమ్ములిద్దరూ గదిలో ఉండకూడదు. నువ్వూ ఉండొద్దక్కా, ఏమనుకోకు. నీ ముఖం చూస్తే అది వేరే మాట చెప్పలేదు. దీనికి సాక్షిగా ఉండే సుమశ్రీ గారు అడగాలి. అది నీ దగ్గర పెరగాలనే నా ఆశ. కానీ నాన్న దగ్గరే ఉంటానంటే అక్కడే ఉండాలి. ఏడాదికోసారి మళ్లీ అడగాలి. తండ్రి ఉండగా తల్లి ఇలా రాస్తే చెల్లదని స్టాంపు కాగితాలమ్మే ఆయన చెప్పాడు. చెల్లకపోతే దీన్నీ ఒక తీర్మానమనుకోండి. మీరు చేసినవాటిలో ఏవి చెల్లాయి?

2. నా కమ్మలు హరిణికి. కుట్టు మిషను అక్కకు. ఎడమవైపు కాస్త నూనె వేస్తే కీచుమనదు.

3. మీటింగులకు టీ అందించిన పదిహేను స్టీలు గ్లాసులు నా భర్తకు. "వనితా, గీ పేరా అయినంక జర చాయ్" అని పదేళ్లు విన్నాను. ఇక ఆయన పేరా, ఆయన చాయ్.

4. నన్ను అడగకుండానే నన్ను మహిళా విభాగం కార్యదర్శిని చేసి, నా పేరుతో ప్రకటన అచ్చువేశారు. అందులో నేను మూడు దేశాలను ఖండించానట. నేను ఏ దేశాన్నీ ఖండించలేదు. ఆ పేరు తీసేయాలి. నాకు సంతాప సభ పెట్టకూడదు.

5. నా భర్తకు ఇంకొకటి. హరిణి అట్లాసులో వెతికాను, కుర్దుల పేరుతో దేశం కనిపించలేదు. నాలుగు దేశాల్లో చెదిరి ఉన్నారట. ఉండాలో విడిపోవాలో వాళ్లనే అడగాలి. ఆ పేరాలో మీదే న్యాయం. బావ భయమూ అబద్ధం కాదు, పెద్దవాళ్లు చిన్నవాళ్లను వాడుకుంటారు. కానీ దానికి మన పిల్లను మెట్ల మీద ఆపాలా? నా అభిప్రాయం ఇన్నేళ్లలో మీరు అడగలేదు, నేను చెప్పలేదు. మీ నీలం చొక్కాకు గుండీలు కుట్టి బీరువాలో పెట్టాను.

ఇది నా చేత్తో రాసి, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

తేదీ: 21 నవంబరు 2025, శుక్రవారం
వనిత

సాక్షులు:
సుమశ్రీ, ఆడపిల్లల హాస్టల్ వార్డెన్, ఎస్.ఆర్. నగర్. ("ఈ వయసులో వీలునామా ఏంటి వనితా" అని కోప్పడి, మొదటి అంశం చదివాక పెన్ను అడిగి సంతకం చేశారు.)
సారయ్య, ఇస్త్రీ బండి, మా గల్లీ.

అక్కా, ఇది నీకు మాత్రమే. నేను ఇంటికి తిరిగొస్తే హరిణిని నేనే అడుగుతాను, వాళ్లిద్దరి ముందూ, నోరు తెరిచి. అది జవాబు చెప్పేదాకా ఈ కాగితం దాచు. చెప్పిన వెంటనే పొయ్యిలో పెట్టి కాల్చెయ్యి. అన్నదమ్ములకు దొరికిందంటే సవరణలు పెట్టి, ఓటింగు జరుపుతారు.