టమాటాల కంటే ముందు

ఒహాకా, మెక్సికో
మంగళవారం

లోర్నా అక్కా,

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ముందు అదడిగాకే నా సంగతి. ఈ ఊరు నేర్పిన బుద్ధి ఇది.

స్పానిష్ వంటబట్టడం లేదు, కెనడా తిరిగొచ్చేస్తానని పోయినసారి ఏడుస్తూ రాశాను కదా. కూరగాయల కొట్టు ఎలోదియా నన్ను పట్టించుకునేదే కాదు. నా భాషే బాగాలేదనుకుని, రాత్రంతా బట్టీపట్టి, "కిలో టమాటాలు ఇవ్వండి" అని తప్పులేకుండా అడిగాను. అయినా తల తిప్పలేదు. కోపం ఆపుకోలేక "నా స్పానిష్‌కి ఏం తక్కువైంది?" అని అరిచేశాను.

"నీ స్పానిష్ బంగారంలా ఉంది తల్లీ! రోజూ వస్తూనే టమాటాల మీద పడతావు. ఇంతమందిమి ఉన్నాం, మేం మనుషుల్లా కనబడటం లేదా?" అంది. కొట్లో అందరూ ఒకటే నవ్వు.

ఇప్పుడు గుమ్మంలోనే అందరినీ "బ్వెనోస్ దియాస్", శుభోదయం అని పలకరిస్తున్నాను. ఎలోదియా మంచి పళ్ళు ఏరి మరీ ఇస్తోంది. నేనిక రానక్కా.

అక్కడి నా ఫ్లాట్‌లో సామాను తీయించడానికి వెళ్ళినప్పుడు ఎదురింటావిడ తలుపు తట్టు. అక్కడున్నన్నాళ్ళూ ఆవిడా నేనూ ఒకే లిఫ్టులో ఎక్కి దిగాం. బాగున్నారా అని నేనడిగినట్టు చెప్పు. ఆవిడ పేరు కూడా కనుక్కుని రాయి.

నీ చెల్లెలు