కవరు అక్కర్లేని సంగతి

అల్వాల్, 14-8-2003

అమ్మకు, ప్రభువు పేరిట వందనాలు.

నా వైద్యం సంగతి ఆదివారం గుడిలో ప్రార్థన మనవుల్లో చదివించావని దేవకృప అత్తయ్య ఫోనులో చెప్పింది. ఇక దాచేదేముంది, కార్డు మీదే రాస్తున్నాను. పోస్టుమాన్ చదువుకుంటే చదువుకోనీ.

ఇంజెక్షన్లతో పెరిగిన అండాలను సూదితో బయటికి తీసి, ల్యాబులో మీ అల్లుడి వీర్యకణాలతో కలిపారు. మూడు పిండాలు నిలిచాయి. మొన్న మంగళవారం రెండింటిని సన్నటి గొట్టంతో గర్భంలో ఉంచారు. నొప్పి లేదు. నర్సు కమలాబాయి, "పరేషాన్ కావద్దమ్మా, జెర పండుకో" అంది. పద్నాలుగో రోజున రక్తపరీక్ష చేస్తేగాని ఏదీ తెలియదు.

అంతవరకు ఉన్ని స్వెట్టరు మొదలుపెట్టకు. నాన్నగారి కంటి ఆపరేషను ఎప్పుడు? మాగాయ ఉంటే పంపు. అందరికీ వందనాలు.

రిపోర్టు సంగతి మాత్రం, ఏదైనా సరే, కవరులో రాస్తాను. అది నువ్వొక్కదానివే చదువుకో.

మేబెల్