దొరసాని పారిపోలేదు

క్రేను దిగి, చేతులు కడుక్కుని ఈ ఉత్తరం విప్పబోయే మా ఆవిడకి,

ఇక్కడ మేమందరం క్షేమం అని మొదలుపెట్టాలి. అందరం అంటే నేనూ, నీ పిల్లి దొరసానీ. అందులో నేను క్షేమమే. పిల్లి సంగతి "ఉన్నదున్నట్టు రాయి, కబుర్లు చెప్పకు" అని పోయిన ఉత్తరంలో గట్టిగా అడిగావు. ఈసారి ఉన్నదున్నట్టే రాస్తాను. కాస్త నెమ్మదిగా వస్తాను ఆ విషయానికి, ఓపిక పట్టు. అన్నట్టు నీ మెడనొప్పి తగ్గిందో లేదో నువ్వు రాయనేలేదు. ఆనకట్ట ఎంత ఎత్తు లేచిందో మాత్రం రెండుసార్లు రాశావు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాను. పడకగది తెరలు ఉతకలేదు, ఉతికానని అబద్ధం చెప్పను. దొరసాని తింటోందా అని అడిగావు. పశువుల డాక్టరమ్మ రాసిచ్చిన కిడ్నీ జబ్బు తిండిని వాసన చూస్తుంది, తర్వాత నా మొహం చూస్తుంది, నువ్వే తిను అన్నట్టు వెళ్ళిపోతుంది. కోడిమాంసం ఉడికించి, నీళ్ళు పోసి గుజ్జులా కలిపితే నాలుగుసార్లు నాకుతుంది. దాన్ని నేను కట్టుడుపళ్ళ అచ్చులకి ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నెలోనే కలుపుతున్నాను. కొత్త గిన్నె, కంగారుపడకు. గడ్డ కట్టకుండా కలపడం నాకు తెలిసిన విద్యే కదా.

వాంతులు తగ్గాయా అంటే, తగ్గలేదు. కిడ్నీలకు మంచిదైన తిండి దాని కడుపుకి పడదు. కడుపుకి పడేది కిడ్నీలకు మంచిది కాదట. తిన్నదాంట్లో సగం కక్కేస్తుంది. ఆ మిగిలిన సగం కడుపులో బిగుసుకుని రోజుల తరబడి కదలదు. ఇసుక తొట్టెలో కూర్చుని, తప్పంతా నాదే అన్నట్టు నావైపు చూస్తుంది. సిరప్ పట్టగా పట్టగా పోయిన వారం ఆ పని కాస్తా జరిగింది. సంతోషం పట్టలేక పక్కింటావిడ గుమ్మంలో కనిపిస్తే ఆవిడకి కూడా చెప్పాను. ఆవిడ మర్యాదగా నవ్వి తలుపు వేసుకుంది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ తప్పేమీ లేదనిపించింది.

ఇక సెలైన్. చల్లగా ఎక్కిస్తే వణుకుతుందని, మైనం మెత్తబరిచే నీళ్ళతొట్టెలో సంచిని కాసేపు ఉంచి గోరువెచ్చగా చేస్తాను. నీ వానకోటు తగిలించే కొక్కేనికి దాన్ని వేలాడదీస్తాను. దొరసాని మెడ వెనక చర్మం పైకి పట్టుకుని సూది గుచ్చాలి. గోరంత పన్నుని వెంట్రుకవాసి తేడా రాకుండా అరగదీసే ఈ చేతులకి ఆ సూది ఒక్కసారికి దిగదు. నువ్వు టన్నుల బరువుని గాల్లోకి లేపి, చెప్పినచోట దించేస్తావు. ఇక్కడ రెండున్నర కిలోల పిల్లిని ఎత్తడానికి నాకు చెమటలు పడుతున్నాయి.

అందుకే నేనంటే దానికి పడదు. ఎప్పుడూ పడేది కాదనుకో, ఇప్పుడు మరీను. నా చెప్పుల చప్పుడు వింటే చాలు, మంచం కిందికి దూరిపోయేది. చెప్పులు విప్పేసి నడిచాను. రెండు రోజుల్లో ఆ అడుగుల్నీ పోల్చుకుంది. సేవ చేస్తున్నకొద్దీ శత్రువునయ్యాను. ఇంట్లో ఉన్న ఒక్క ప్రాణీ మనల్ని చూసి పారిపోతుంటే ఇల్లు ఎంత పెద్దదిగా కనిపిస్తుందో నీకు తెలియదు. పగలంతా ముందుగదిలో నోళ్ళతోనే పని నాకు. పై పళ్ళు, కింది పళ్ళు, బల్ల నిండా. ఒక్కటీ మాట్లాడదు. కూర వండి "ఉప్పు సరిపోయిందా?" అని పైకే అడుగుతున్నాను. మొన్న పళ్ళ సెట్టు కోసం వచ్చిన ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి, అది ఇవ్వకుండా కావాలనే కబుర్లలోకి దింపాను. ఇచ్చేస్తే వెళ్ళిపోతాడు కదా. బోసినోటితో ఆయనేం చెబుతున్నాడో నాకు సగం అర్థం కాలేదు. అయినా చాలాసేపు మాట్లాడుకున్నాం.

గురువారం ఒక వింత జరిగింది. సెలైన్ వేళకి వెళ్ళేసరికి దొరసాని నీ దిండు మీద పడుకుని ఉంది. నన్ను చూసింది, కదల్లేదు. ఎత్తుకున్నాను. గోళ్ళు దించలేదు. సూది గుచ్చినా ఊరుకుంది. అంతా అయ్యాక ఒళ్ళో పెట్టుకున్నాను, అక్కడే ఉండిపోయింది. మన పెళ్ళికి నీతోపాటు బుట్టలో వచ్చిన రోజు నుంచి ఈ పన్నెండేళ్ళలో అది ఏనాడైనా నా ఒడి తొక్కిందా? కాలు తిమ్మిరెక్కినా నేను కదల్లేదు. ఎవరో తలుపు కొట్టారు, పలకలేదు. దాని తల నిమురుతూ నీ సంగతులన్నీ చెప్పాను. నీ మీద చాడీలు కూడా చెప్పాను. చెవి కదిపింది. నిజం చెప్పొద్దూ, నువ్వు వెళ్ళాక నాకు అంత సంతోషంగా ఉన్న రోజు ఇంకోటి లేదు.

మర్నాడు దాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. గొప్పగా చెప్పుకున్నాను.

"మాకు స్నేహం కుదిరిందండీ. ఇప్పుడు నన్ను చూసి పారిపోవడం లేదు."

ఆవిడ దాని చిగుళ్ళు చూసింది. పొట్ట మెల్లగా నొక్కి చూసింది.

"పారిపోయే ఓపిక లేదండీ దానికి," అంది.

ఆవిడ బల్ల మీద దానికి తువ్వాలు కప్పి చెప్పింది. "కిడ్నీలు పనిచేయడం మానేశాయి. సెలైన్‌తో ఒక వారం లాగొచ్చు, అదీ గట్టిగా చెప్పలేను. బాధ ఎక్కువైతే ఉంచుకోకండి, తీసుకొచ్చేయండి. సూదిమందు ఇస్తాను, నిద్రలోనే పోతుంది. మీ ఆవిడకి చెప్పారా?"

"చెప్పానండీ," అన్నాను.

చెప్పలేదు. అసలు సంగతి ఇదే. పోయిన రెండు ఉత్తరాల్లోనూ "కాస్త నలతగా ఉంది, పర్వాలేదు" అని రాశానే, అది అబద్ధం. అప్పటికే డాక్టరమ్మ పెదవి విరిచేసింది. ఒకసారి మీ సైటు ఆఫీసుకి ఫోన్ కూడా చేశాను. "అర్జెంటా అండీ? క్రేను మీంచి దింపి పిలవమంటారా?" అని అడిగాడు గుమాస్తా. "అబ్బే, అర్జెంటేం కాదు" అని పెట్టేశాను.

ఎందుకో చెబుతాను. వానలప్పుడు నీకు రాశాను కదా, ఏమీ తోచడం లేదు, ఒక్క వారం వచ్చి వెళ్ళమని. "గేట్ల పని మొదలైంది, కదలడం కుదరదు, నువ్వు నలుగురిలోకీ వెళ్తూ ఉండు" అని జవాబిచ్చావు. దానికి నిన్ను తప్పుపట్టను. ఆ ఉద్యోగానికి వెళ్ళమని పోరింది నేనే. కానీ ఆ కింది వాక్యంలోనే "దొరసానికి ఏమాత్రం తేడా కనిపించినా కబురు పెట్టు, ఉన్నపళంగా వచ్చేస్తాను" అని రాశావు. ఆ ఉన్నపళంగా అన్న మాట నాకు ముల్లులా దిగింది. నాకు కుదరని సెలవు పిల్లికి కుదురుతుందా అనుకున్నాను. కబురు పెడితే వస్తావని తెలుసు. వస్తే దానికోసమే వచ్చావని కూడా తెలిసిపోతుంది. అది తెలియడం ఇష్టం లేక కబురు పెట్టలేదు. నాకోసం ఎప్పుడొస్తావో చూద్దాం అని బిగుసుకు కూర్చున్నాను. ఇంత వయసొచ్చి, నెత్తిన జుట్టు పలచబడి, పిల్లితో పోటీ పడ్డాను. తిట్టుకుంటావో నవ్వుకుంటావో నీ ఇష్టం. దాని పక్కన నువ్వు కూర్చోవలసిన రోజుల్ని నేను కాజేశాను. అవి మళ్ళీ తిరిగి రావు, నాకు తెలుసు.

ఈరోజు ఆదివారం, మీ ఆఫీసు మూసి ఉంటుంది. రేపు తెరవగానే గుమాస్తాకి ఫోన్ చేసి అర్జెంటు అనే చెబుతాను, సెలవు అడుగుదువుగాని. ఎందుకు దాచానో మాత్రం అతని చెవిన వేసే మాట కాదు కాబట్టి ఈ ఉత్తరం. మీకు సామాను తెచ్చే లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. ఆయన ముందుపళ్ళు నేను కట్టినవే, పోస్టు కంటే నమ్మకస్తుడు. రేపు సాయంత్రానికి నీకు అందిస్తాడు. ఎల్లుండి పొద్దున్నే తిరిగి బయల్దేరతాడట. పక్క సీటు ఎవరికీ ఇవ్వొద్దని చెప్పాను.

నువ్వు వచ్చేదాకా సెలైన్ ఆపను. మాంసం నీళ్ళు చుక్క చుక్కగా నోట్లో వేస్తున్నాను, మింగుతోంది. కానీ అది మరీ బాధపడితే నీకోసమని పట్టి ఉంచను. ఆ ఒక్కటి మాత్రం నీకు మాట ఇవ్వలేను, అర్థం చేసుకో. ప్రస్తుతం నా పక్కనే ఉంది, కళ్ళు తెరిచే ఉంది.

దానికోసమే రా. నాకోసం కూడా అని మర్యాదకి ఒక మాట కలపకు. లారీ దిగి, నన్ను పలకరించకపోయినా సరే, సరాసరి దాని దగ్గరికే వెళ్ళు. తలుపు తీసేది ఎలాగూ నేనే.

ఇట్లు,
దొరసానితో కలిసి ఎదురుచూస్తున్న
మీ ఆయన