చదును చేయరాని పెరడు

ఈ ఊళ్ళో సగం ఇళ్ళకు నేలలు వేసిన మేస్త్రీని, డెబ్బై నాలుగేళ్ళవాడిని అయిన నేను, మోకాళ్ళు తప్ప తక్కిన సరంజామా అంతా సక్రమంగా పనిచేస్తుండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్తి తెలివితో రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరుగారు రాసిచ్చారు. నా బావమరిది ఒప్పుకోలేదు. నేనన్న ఏ మాటా వాడు ఇంతవరకు ఒప్పుకోలేదు కాబట్టి దాన్ని పట్టించుకోనక్కర్లేదు. దీన్ని అమలుపరిచే బాధ్యత నా కూతురిది. మా ఇంట్లో మొహమాటం లేనిది దానికొక్కదానికే.

1. నా తాపీలు, మట్టం చూసే గాలిబుడగ బద్ద నా బావమరిదికి చెందవలెను. నలభై ఏళ్ళు ఇద్దరం కలిసి పనిచేశాం. వాడు బుడగను నమ్మాడు, నేను అరికాళ్ళను నమ్మాను. ఆరిన నేల మీద నీళ్ళు చల్లి, చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే ఎక్కడ వాలిందో కాలికే తెలుస్తుంది. "బావా, నీ కాళ్ళకేమైనా కొమ్ములున్నాయా?" అనేవాడు. వాడు భోజనానికి వెళ్ళినప్పుడు నేనూ దొంగచాటుగా బుడగ చూసుకునేవాడినని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను.

2. ఇల్లు నా భార్య జీవితకాలం ఆమెది. తర్వాత పిల్లలిద్దరికీ సమానం.

3. పెరటి సంగతి. నా కొడుక్కి టైల్స్ దుకాణం ఉంది. "అమ్మకి చూపు తగ్గింది నాన్నా, ఆ ఎగుడుదిగుళ్ళలో పడితే ఎలా? నున్నగా టైల్స్ వేయించేస్తా" అంటున్నాడు. వాడిది ప్రేమే. ఆ ప్రేమ నాకూ ఒకసారి పుట్టింది. ఆరేళ్ళ కిందట నా భార్య తన చెల్లెలింటికి వెళ్ళిన వారంలో పెరడంతా సిమెంటు చేసేశాను. అంత చక్కటి నేల నా జన్మలో వేయలేదు. ఆవిడ వచ్చి, చెప్పులు విడిచి, నాలుగడుగులు వేసి నడిమధ్యలో ఆగిపోయింది. "ఏమండీ, నేనెక్కడున్నాను?" అంది, సొంత పెరట్లో నిలబడి.

నిమ్మచెట్టు కింద మెత్తన, గోడవార వెచ్చన, బట్టలుతికే రాయి దగ్గర గరుకు. కళ్ళు మసకబారాక ఆవిడ వీటితోనే చూస్తోందని అప్పటిదాకా నాకు తెలియదు. మనిషి ఒంటి చర్మం దగ్గరే ముగిసిపోతాడని అందరూ అనుకుంటారు. అది తప్పని నా అభిప్రాయం. ఆవిడ చూపు సగం ముఖంలో ఉంది, సగం ఆ మట్టిలో ఉంది. మర్నాడే గునపం పట్టి నా నేలను నేనే పగలగొట్టాను. బావమరిది సాయం వచ్చి, పగలబడి నవ్వుతూనే తవ్వాడు.

కాబట్టి ఆవిడ ఉన్నంతకాలం ఆ పెరట్లో సిమెంటు, టైల్స్, బండలు ఏవీ పరచరాదు. చీమలు, వానపాములు యథాప్రకారం కాపురముండవచ్చును.

4. ఆనాడు పగలగొట్టిన సిమెంటు పెచ్చు ఒకటి దాచాను. అది నా కొడుక్కి. దుకాణం బల్ల మీద పెట్టుకోవలెను. ఎవరైనా పెరటికి టైల్స్ అడిగితే, అక్కడ నడిచేదెవరో కనుక్కున్నాకే అమ్మవలెను.

5. అమ్మాయీ, నువ్వు కొనిచ్చిన తోలు చెప్పులు నేను తొడగలేదని రెండు నెలలు అలిగావు. అవి పెట్టెలో కొత్తగానే ఉన్నాయి, తీసుకో. వాటికి బదులు నీకు పొద్దుటిపూట పెరట్లో అమ్మతో ఉత్తకాళ్ళతో నడిచే హక్కు ఇస్తున్నాను. అమ్మ చెయ్యి నువ్వు పట్టుకోవద్దు. అమ్మే నీ చెయ్యి పట్టుకుంటుంది.

6. పంపు దగ్గరి గుంటను మాత్రం మంచి మట్టితో పూడ్చి చదును చేయవలెను. రోజూ ఆవిడ కాలు అందులో పడుతుంటే చూడలేకపోతున్నాను.

తాజా కలం: పై అంశాలన్నీ నా భార్యకు చదివి వినిపించాను. ఐదో అంశం వరకు ముసిముసిగా నవ్వుతూ విని, ఆరోది రాగానే లేచి కూర్చుంది. "పడ్డం కాదండీ, నేనే పెడుతున్నా. ఆ గుంట లేకపోతే పంపు ఎక్కడుందో నాకెలా తెలుస్తుంది?" అంది. ఇంత రాయించీ నాకు మేస్త్రీ బుద్ధి పోలేదు. ఆరో అంశం కొట్టివేయడమైనది. గుంట, అందులో నిలిచిన నీళ్ళతో సహా, నా భార్యకే చెందవలెను.

తేదీ: 14 జూన్ 2016, మంగళవారం, వాన వెలిశాక.

(సంతకం) నేల మేస్త్రీ

సాక్షులు:
1. డాక్టరుగారు.
2. పక్కింటి దర్జీ. గుంట ఉన్న మాట నిజమో కాదో చూసొస్తానని పెరట్లోకి వెళ్ళి, ఒక చెప్పు తడుపుకుని వచ్చి సంతకం చేశారు.