నాన్న ఓడని ముంచిన సబ్‌మెరైను

గిలకలదిండి, బందరు
20-2-1995

చిరంజీవి తమ్ముడు పెద్దిరాజుకి అక్క నాంచారమ్మ దీవించి రాయునది.

అమ్మా నేనూ క్షేమం. ఈ మాట రాయకుండా మొదలుపెడితే అంత దూరాన ఓడలో కంగారుపడి చస్తావని ముందే రాశాను. ఒంట్లో ఇద్దరికీ బాగానే ఉంది. మిగతాది నెమ్మదిగా చెప్తాను. ఇంత తిని కూర్చుని చదువు.

నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ కంట్లో శుక్లం ముదిరిందట, ఆపరేషను చెయ్యాలని గుడివాడ డాక్టరుగారన్నారు. నిన్న మీ ఉమాదేవి వచ్చి తీసుకెళ్ళింది. నీ భార్య అని కాదుగాని, ఆ పిల్ల ఓర్పు మన ఇంట్లో ఎవరికీ లేదు. మన పక్కింటి ధనరాజు కొత్త పడవ నీళ్ళలోకి దిగింది. వేట బాగానే పడుతోంది. ఆ రోజు సంగతే రాయాలి, చెయ్యి ఆడటం లేదు. ముందు నీ సబ్‌మెరైను మాట కానీ.

నీ పెద్ద ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. మీ ఓడ జర్మనీలో సరుకు దించుతుంటే, అక్కడెక్కడో ఒడ్డున జనం చూడ్డానికి నిలబెట్టిన యుద్ధకాలపు సబ్‌మెరైను లోపలికి వెళ్ళానన్నావు. గదికీ గదికీ మధ్య తలుపులు కావు, గుండ్రటి కంతలు, కాళ్ళు ముందు పెట్టి దూరాలన్నావు. లోపల గట్టి ఇనప గొట్టం, దాని బయట తొట్లు. తొట్లలోకి నీళ్ళు వదిలితే మునుగుతుంది, గాలి కొట్టి ఆ నీళ్ళు తోసేస్తే తేలుతుంది. పైన ఉన్నప్పుడు డీజిలింజన్లు, మునిగాక బ్యాటరీలు. గాలి కోసం ఎప్పుడో ఒకప్పుడు పైకి రావాల్సిందే. అయితే అది చేప కాదన్నమాట, మన మంగినపూడి ఒడ్డుకొచ్చే తాబేలు లాంటిది. యాభైమంది మగాళ్ళు, ఒకడు లేస్తేగాని ఇంకొకడికి పక్క లేదు, టార్పెడోల పక్కనే తిండీ నిద్రా. ఏం బతుకురా నాయనా! చదువుతుంటే వాళ్ళ మీద జాలేసింది. జాలిపడ్డందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

నాన్న ఓడని ముంచింది ఇంతకంటే పెద్దదని, ఫ్రాన్సు రేవులో బయల్దేరి ఆఫ్రికా చుట్టూ తిరిగి మన సముద్రం దాకా వచ్చిందని రాశావు. నలభై మూడులో, కలకత్తా నుంచి గోనెసంచులు వేసుకుపోతున్న ఓడ. తెల్లారకముందు రెండు టార్పెడోలు. నాన్నతో సహా కలాసీల్లో ఒక్కడూ మిగల్లేదు. మరుసటేడు విమానాలు బాంబులేస్తే ఆ సబ్‌మెరైనూ మునిగింది, లోపలున్న వాళ్ళందరూ పోయారు. నువ్వు కడుపులో ఉండగా ఓడెక్కిన మనిషిని ఇన్ని రేవుల్లో అడిగి అడిగి చివరికి ఆచూకీ పట్టావు. పోయినవాళ్ళ జాబితాలో నాన్న పేరు అచ్చులో చూశానని రాసిన చోట సిరా అలుక్కుపోయి ఉంది. ఎందుకో నాకు తెలుసు.

"అక్కా, అమ్మకి ఇప్పుడే చెప్పకు. ఉగాదికి వచ్చి పక్కన కూర్చుని నేనే చెప్తాను" అని రాశావు.

నేను చెప్పేశాను తమ్ముడూ.

మన ఊళ్ళో ఏ కొత్త పడవ దిగినా మొదటి బొట్టు అమ్మ చేతే పెట్టిస్తారని నీకు తెలుసు. మొగుడు సముద్రం మీదకి వెళ్ళి యాభై ఏళ్ళయినా చెదరని బొట్టు, ఆ చెయ్యి పడితే పడవకి తిరుగులేదని వాళ్ళ నమ్మకం. అమ్మకున్న గొప్పంతా అదే. నా సంగతీ నీకు తెలుసు. మీ బావ పోయిన పన్నెండేళ్ళ నుంచీ అమ్మ ఏ మంచిపనికి బయల్దేరినా నేను ఎదురు రాకూడదు. "కాసేపు లోపలుండమ్మా" అంటుంది, ప్రేమగానే అంటుంది. ఉంటున్నాను.

ధనరాజు పడవ దిగే రోజు పొద్దున కొబ్బరికాయ మర్చిపోయి గుమ్మం దిగింది. పళ్ళెంలో పెడదామని నేను ముందుకొచ్చాను.

"ఏవే, బుద్ధుందా? శుభమా అని వెళ్తుంటే ఎదురొస్తావా!" అని కసిరింది.

వీధిలో డప్పులు, పట్టుచీరల్లో ఆడవాళ్ళు, అందరూ నా వంకే చూశారు. నాకు ఒళ్ళు తెలియలేదు.

"నీకూ నాకూ తేడా ఏముందే? నాకంటే నలభై ఏళ్ళ ముందే పోయింది నీ బొట్టు. నాన్న ఓడని జర్మనీ సబ్‌మెరైను ముంచేసింది. తమ్ముడు రాశాడు" అన్నాను.

అమ్మ ఏడవలేదు. పళ్ళెం మెట్టు మీద పెట్టి కూర్చుంది. కొంగుతో నుదురు తుడుచుకుంది. కుంకుమ నుదురంతా పాకింది. డప్పులు కొట్టేవాళ్ళకి ఏం తెలుసు, కొడుతూనే ఉన్నారు.

ధనరాజు పరిగెత్తుకొచ్చాడు. "లేవండత్తా, ముహూర్తం దాటిపోతోంది."

"నా చెయ్యి మంచిది కాదయ్యా. ఇంకెవర్నైనా చూసుకో."

"మామ ఇక రాడని మాకెప్పుడో తెలుసండీ. మా నాన్న కూడా తెలిసే మిమ్మల్ని పిలిచేవాడు. రండి" అన్నాడు. పాపం, ఓదార్పనుకున్నాడు.

"అందరికీ తెలుసా?" అంది అమ్మ. "అయితే ఇన్నాళ్ళూ జాలిపడి పిలిచారా నన్ను?"

లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. ధనరాజు పెళ్ళామే పడవకి బొట్టు పెట్టింది.

అమ్మకి నిజంగా తెలియదా అంటావు. తెలుసో లేదో నేను చెప్పలేను. ఎవరూ నోరు తెరిచి అననంతకాలం ఆ బొట్టు ఆమెది. అన్నదాన్ని నేను, కడుపున పుట్టినదాన్ని.

ఆ తర్వాత తిండి సగమైంది. నీ ఉత్తరం చదివించుకుని ఒక్కటే అడిగింది, సబ్‌మెరైనులోంచి నీళ్ళ పైకి చూసే గొట్టానికి కన్ను పెట్టి చూసినవాడికి ఓడ మీద నాన్న కనిపించాడా అని. ఏం చెప్పను? అడుగుదామంటే వాడూ నీళ్ళలోనే ఉన్నాడు. ఇంకో రోజు, దివిసీమ ఉప్పెనలో కొట్టుకుపోయిన పడవలకి కూడా తనే బొట్టు పెట్టాను కదా అంది. "ఉప్పెనకి నీ బొట్టేం చేస్తుందే, ముత్తైదువలు బొట్టు పెట్టినవీ పోయాయి కదా" అని అరిచాను, బతిమాలాను. తన చేతుల వంక చూసుకుంటూ కూర్చుంది. నువ్వొచ్చి చెప్తే వింటుందేమో. నన్ను మాత్రం ఎంత తిట్టినా పడతాను.

నిన్న ఉమాదేవి ఆటో పిలుచుకొచ్చింది. నేను అలవాటుగా వంటింట్లోనే ఉండిపోయాను. గుమ్మం దగ్గర అమ్మ ఆగింది.

"నాంచారీ, ఎదురు రావే" అంది.

వినపడనట్టు గిన్నెలు సర్దుతున్నాను.

"రా తల్లీ. నీకూ నాకూ తేడా ఏముంది?" అంది. దెప్పుతున్నట్టు లేదు. ఉన్నమాట చెప్తున్నట్టే ఉంది.

వీధిలోకి వెళ్ళి ఆమెకి ఎదురొచ్చాను. ఆ ఖాళీ నుదురు చూడలేక పాదాల వంక చూస్తూ నిలబడ్డాను. ఆ పిలుపు కోసం పన్నెండేళ్ళు లోపల కూర్చుని ఏడ్చినదాన్ని తమ్ముడూ. ఇప్పుడు అమ్మ తిరిగొచ్చి, మళ్ళీ బొట్టు పెట్టుకుని, బుద్ధుందా లోపలుండవే అని నన్ను కసిరితే చాలుననిపిస్తోంది.

ఇట్లు,
నోరు అదుపులో పెట్టుకోలేని నీ అక్క,
నాంచారమ్మ