వంశ పుస్తకంలో నీ పేరు

అమ్మాయ్ న్యాన్, మన పూర్వీకుల ఊరికి బయల్దేరిన నేనూ స్కూటరూ తుయ్ హోవా పట్నం దాకా బతికే వచ్చాం, బెంగ పెట్టుకోకు. రెండు రోజులుగా కుడిచేతి పక్కన సముద్రమే.

కా కనుమ మీద టీ తాగుతుంటే మీ బాబాయి త్రాక్ కొడుకు ఖియెం దిగాడు. నన్ను వెనక్కి మళ్ళించమని తండ్రి పంపాడట.

"పెదనాన్నా, వంశ పుస్తకంలో ఆడపిల్లల పేర్లు రాసే ఆచారం లేదు కదా. డెబ్బై ఆరేళ్ళకు ఎందుకీ పంతం?"

"నా పేరు పక్కన మీ నాన్న ఏం రాయించాడో తెలుసా?"

"పుస్తకంలోని ఆ పాత చైనా అక్షరాలు నాకెక్కడ వచ్చు?"

"'సంతానం లేదు' అని రాయించాడు. ఏటా బస్సెక్కి వచ్చి మన తాతల సమాధుల మీద గడ్డి పీకేది నా కూతురు కాక ఎవర్రా మరి, దెయ్యమా? మీ అన్నదమ్ములు ముగ్గురిలో ఒక్కడైనా కొడవలి పట్టాడా?"

వాడు తల గోక్కుని నా హెల్మెట్ తుడిచి చేతికిచ్చాడు.

చేపల రసం జాడీలకు మూతలు బిగించావా? వానొస్తే అంతా పాడైపోతుంది. మోకాలి తైలం మరిచిపోయాను. ఈ కార్డు అందగానే ఆ సీసా క్వి న్యోన్ వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపు, అక్కడ తీసుకుంటాను.

మూలపురుషుడి తద్దినానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. ఆ రోజే త్రాక్ ఇద్దరు మనవల పేర్లు పుస్తకంలో ఎక్కాలి. రాసే పంతులు నిరుడు పోయాడు. ఇప్పుడు ఆ అక్షరాలు వచ్చినవాణ్ణి వంశం మొత్తానికి నేనొక్కణ్ణే. ముందు నీ పేరు రాస్తాను. అది ఆరిన తరువాతే వాళ్ళ మనవలు.

చల్లగా ఉండు తల్లీ.

మీ నాన్న